మిగతా సగం ఏమైంది?

దేవరకొండలో ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, బ్యాటరీ ఇచ్చిన శక్తిలో సగమే కెపాసిటర్‌లో చేరుతుందని పుస్తకంలో ఉంది. మిగతా సగం ఏమైంది?" సూత్రం బట్టీపట్టమన్నారట వాళ్ల సార్.

కెపాసిటర్ అంటే విద్యుత్ చార్జిని దాచిపెట్టుకునే పరికరం. ఫ్యాను నీరసంగా తిరిగితే నల్లగొండ గడియారం సెంటర్‌లో మెకానిక్ "కండెన్సర్ పోయింది" అని మార్చే డబ్బీయే అది.

మిద్దె మీది నీళ్ల ట్యాంకును గమనించండి. పైపు ట్యాంకు పై అంచులో ఉంటుంది కాబట్టి మోటారు ప్రతి బిందెడు నీటినీ అంత ఎత్తుకూ మోయాల్సిందే. మొదటి బిందె దబదబమంటూ అడుగు దాకా పడుతుంది. సగం నిండాక పడేది సగం ఎత్తే పడుతుంది. చివరి బిందె చప్పుడు లేకుండా కలిసిపోతుంది. సగటున ప్రతి బిందే సగం ఎత్తు పోగొట్టుకుంది! నీరు చార్జి అనుకోండి, మట్టం వోల్టేజి, అడుగు వైశాల్యం కెపాసిటెన్స్ (ఒక్కో వోల్టుకు ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత). ఆ చప్పుడే, కరెంటుకు అడ్డుపడే నిరోధకంలో పుట్టే వేడి. నిరోధకం పెద్దదైతే నిండడం ఆలస్యమవుతుంది తప్ప పోయే సగం మారదు.

నమ్మకపోతే కొలవండి. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 10 కిలో ఓమ్‌ల నిరోధకం, 10 వోల్టుల సరఫరా. పది సెకన్లకోసారి మల్టీమీటర్ చూస్తూ పోతే 47 సెకన్లకు 6.3 వోల్టులు రావాలి. పూర్తిగా నిండేదాకా కరెంటు-కాలం గ్రాఫు గీసి, దాని కింద గళ్లు లెక్కపెడితే చార్జి 47 మిల్లీకులూంబులు. చార్జి-వోల్టేజి గ్రాఫు గీస్తే సరళరేఖ. దాని కింది త్రిభుజం నిల్వ ఉన్న 0.235 జౌళ్లు, పైన మిగిలిన త్రిభుజం వేడి. వంద గ్రాముల రాయిని 24 సెంటీమీటర్లు ఎత్తేంత శక్తి, అంతే. ఇలాంటి కెపాసిటర్ మీద రాసిన విలువ 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అందుకే ల్యాబ్ రికార్డులో కొలిచిన విలువ సరిగ్గా 4700 అని కనిపిస్తే పక్కవాడి రికార్డు కూడా తెమ్మంటాను.

కరెంటు పోయాక కూడా బోరు స్టార్టరు షాక్ కొట్టిందని డబ్బాకు నిమ్మకాయ కట్టినవారున్నారు. అందులో దాగింది గాలి కాదు, ఈ నిల్వ సగమే.

పోయే సగాన్ని తగ్గించవచ్చు కూడా. ముందు 5 వోల్టులకు నింపి, తర్వాత 10కి మార్చండి: నష్టం 0.235 నుంచి సుమారు 0.118 జౌళ్లకు దిగుతుంది. పది సమానమైన మెట్లలో నింపితే పదో వంతే. ట్యాంకుకైతే ఇన్ని మెట్లు అక్కర్లేదు, పైపును అడుగున బిగిస్తే సరి.