ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగితే సీసాల్లో పోసేయడమేనా?

"బుడగలు ఆగిపోయాయండీ, ఈరోజే సీసాల్లో పోసేస్తున్నా. చక్కెర ఎంత వేయమంటారు?" ఇంట్లో బీరు తయారుచేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. బుడగలంటే, పులిసే డబ్బా మూతకు పెట్టే ఎయిర్‌లాక్‌లో, అంటే లోపలి గ్యాస్‌ను వదిలి బయటి గాలిని రానివ్వని గొట్టంలో, కనబడేవి. చక్కెర లెక్క నిమిషంలో చెప్పేస్తాను. ముందు హైడ్రోమీటర్ (బీరు సాంద్రతను, అంటే గ్రావిటీని, కొలిచే పరికరం) ఎంత చూపిస్తోందో చెప్పండి.

అపోహ: బుడగలు ఆగితే ఫెర్మెంటేషన్ (పులియడం) అయిపోయినట్టే.

వాస్తవం: కాదు, కానే కాదు. మూత కాస్త వదులైతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, బుడగే కనబడదు. గది చల్లబడితే ఈస్ట్ మందగిస్తుంది, అప్పుడూ కనబడదు. పులవాల్సింది మాత్రం లోపల అలాగే ఉంటుంది. పులిసేకొద్దీ హైడ్రోమీటర్ రీడింగ్ తగ్గుతుంది. 1.010 దగ్గర ఆగాల్సిన బీరును 1.014 దగ్గరే సీసాల్లో పోశారనుకోండి. ఆ నాలుగు పాయింట్లే (పాయింటంటే 0.001) దాదాపు 2 వాల్యూమ్‌ల గ్యాస్, అంటే బీరు పరిమాణానికి రెండింతల గ్యాస్, పుట్టిస్తాయి. దానికి తోడు మీరు వేసిన ప్రైమింగ్ చక్కెర (సీసాలో గ్యాస్ పుట్టడానికి వేసేది). 2.5 ఉండాల్సింది 4.5 అవుతుంది. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి చేసింది కాదు.

నా రెండో బ్యాచ్‌కి నేనూ ఇదే తప్పు చేశాను. పదో రోజు రాత్రి అలమరలోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు. తీసి చూస్తే చెక్క తలుపు లోపలివైపు వేలెడు గాజు పెంకు దిగబడి ఉంది. ఆ పగలంతా నేను ఆ అలమర పక్కనే కూర్చుని పనిచేసుకున్నాను.

రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు రీడింగ్ తీయండి. రెండూ ఒకటే అవ్వాలి, అది మీ రెసిపీ చెప్పిన చివరి గ్రావిటీకి దగ్గరగానూ ఉండాలి. ఇప్పటికే పోసేసి భయపడుతున్నారా? కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని, సీసాలమీద తువ్వాలు కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక మూత కొద్దిగా లేపి గ్యాస్ వదలండి.

మిగతావి గబగబా. చక్కెర వేస్తే బీరు తియ్యగా అవదు, ఈస్ట్ తినేస్తుంది. మామూలు పంచదారతో రుచి చెడదు, వేసేది అంత తక్కువ. 20 లీటర్లకు 120-130 గ్రాములు చాలు. నీళ్లలో మరిగించి మొత్తం బీరులో కలపండి. సీసాకో స్పూన్ చొప్పున వేస్తే ఒకటి చప్పగా ఉంటుంది, ఇంకోటి పొంగిపోతుంది.

నాలుగో రోజే సీసా తెరిచి, గ్యాస్ లేదని టెన్షన్‌తో మళ్లీ చక్కెర వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు పడుతుంది. ఆగలేకపోతే ఒక్క ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపి పక్కన పెట్టుకోండి. నొక్కి చూస్తే రాయిలా గట్టిపడిందంటే గ్యాస్ పట్టినట్టే.