ఫోటోలు వచ్చాయి, ఆల్బమ్ రాలేదు

పోయిన దసరా సెలవుల్లో మా పిన్నికి ఫోన్ మార్చాను. పాతది ఒక రకం, కొత్తది ఇంకో రకం. రెండిటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరు. పాత ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, కనపడిన ఫోటోలన్నీ కాపీ చేసి, కొత్త ఫోన్‌లోకి ఎక్కించాను. 11 వేల పైచిలుకు ఫోటోలు. రాత్రి భోజనాల వేళకి పని అయిపోయింది. పిన్ని కళ్లజోడు పెట్టుకుని కాసేపు పైకీ కిందికీ జరిపి చూసి, "నాన్నగారేరిరా?" అంది.

"అన్నీ వచ్చాయి పిన్నీ, అందులోనే ఎక్కడో ఉంటాయి."

"ఎక్కడో ఉంటే నాకెలా దొరుకుతాయి నాన్నా?"

'నాన్నగారు' అన్నది ఆవిడ చేసుకున్న ఆల్బమ్. అందులో మా తాతయ్య ఫోటోలు 43 ఉండేవి. పెళ్లిళ్లలో తీసినవి, ఆస్పత్రిలో తీసినవి, చుట్టాలు పంపినవి, వేలాది ఫోటోల్లోంచి ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ ఏరి పెట్టుకున్నది. ఆ 43 ఫోటోలూ కొత్త ఫోన్‌లోకి నిజంగానే వచ్చాయి. రానిది ఆవిడ ఏరిన కష్టం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నాలుగు రోజులు దీని సంగతి తేల్చుకునే పనిలోనే ఉన్నాను.

ఫోటో అనేది ఒక ఫైలు. ఆల్బమ్ చాలాసార్లు ఫైలు కాదు, ఒక జాబితా. బడిలో పిల్లలుంటారు. వాళ్లలో కబడ్డీ ఆడేవాళ్లెవరు, నాటకంలో వేషం కట్టేవాళ్లెవరు అన్నది డ్రిల్లు మాస్టారి నోట్‌బుక్‌లో ఉంటుంది. ఒకే పిల్ల రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, అంతమాత్రాన ఇద్దరు పిల్లలు అయిపోరు. ఇప్పుడు పిల్లలందర్నీ బస్సెక్కించి వేరే ఊరి బడికి పంపితే పిల్లలు క్షేమంగా చేరతారు. నోట్‌బుక్ మాత్రం పాత బడి బల్ల సొరుగులోనే ఉండిపోతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

ఐఫోన్‌లో ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ఫోటో ఫైళ్లన్నీ డీసీఐఎం అనే ఫోల్డర్ కింద వరసగా పడి ఉంటాయి. ఆల్బమ్‌లు, ఇష్టమైనవిగా గుర్తు పెట్టుకున్నవి, మనుషుల ముఖాలకి ఇచ్చిన పేర్లు, ఇవన్నీ విడిగా ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్‌లో ఉంటాయి. కేబుల్ పెడితే కంప్యూటర్‌కి కనపడేది ఆ ఫోల్డర్ ఒక్కటే, డేటాబేస్ కనపడదు. ఆండ్రాయిడ్‌లో కథ కాస్త వేరు. చాలా గ్యాలరీ యాప్‌లకి ఫోల్డరే ఆల్బమ్. కెమెరా ఒక ఫోల్డర్, వాట్సాప్ ఒక ఫోల్డర్, స్క్రీన్‌షాట్‌లు ఒక ఫోల్డర్. అక్కడ ఒక ఫోటో రెండు ఆల్బమ్‌లలో ఉండాలంటే రెండు కాపీలు కావాలి. అదే ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ వాడుతుంటే అందులో చేసుకున్న ఆల్బమ్ ఫోన్‌లోని ఫోల్డర్ కాదు, అకౌంట్‌లో రాసిన జాబితా. అంటే 'ఆల్బమ్' అనే ఒక్క మాటకి ఒకే ఫోన్‌లో రెండు అర్థాలు. మనకి తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మోసపోతాం.

డీసీఐఎం పేరు వెనక చిన్న చరిత్ర ఉంది. డిజిటల్ కెమెరాలు కొత్తగా వస్తున్న రోజుల్లో, 1998లో, జపాన్‌లో కంపెనీలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఏ కెమెరా కార్డు ఏ పరికరంలో పెట్టినా ఫోటోలు దొరకాలంటే ఫోల్డర్ పేర్లు ఒకేలా ఉండాలని. ఫోటో పేరులో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు అన్నది అప్పటి నియమమే. నాలుగు అంకెలంటే 9999తో ఆఖరు. ఆ తర్వాత లెక్క మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. కాబట్టి పదివేలు దాటిన ఐఫోన్‌లో ఒకే పేరున్న ఫోటోలు రెండేసి ఉండొచ్చు, వేర్వేరు ఫోల్డర్లలో. వాటన్నిటినీ ల్యాప్‌టాప్‌లో ఒకే చోట కుమ్మరిస్తే "ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, మార్చేయమంటారా?" అని అడుగుతుంది. తొందరలో అవును అన్నామంటే 2016 నాటి ఫోటో మీద 2021 నాటి ఫోటో వచ్చి కూర్చుంటుంది. పాతది పోయినట్టు తెలియను కూడా తెలియదు. ఇక్కడ దయచేసి తొందర పడకండి.

జాబితా ఫైల్లో ఉండదు సరే, మరి ఫైల్లో ఏముంటుంది? పాత స్టూడియో ఫోటోల వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు రాసేవాళ్లు గుర్తుందా? డిజిటల్ ఫోటోకీ అలాంటి వెనక వైపు ఉంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు, 1995లో జపాన్‌లోనే పుట్టింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ కెమెరాతో, ఫోన్‌ని నిలువుగా పట్టుకున్నారా అడ్డంగానా, అనుమతి ఇచ్చి ఉంటే ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, అన్నీ ఫైలు మొదట్లోనే రాసి ఉంటాయి. ఫోటో ఎక్కడికి వెళ్తే ఇదీ అక్కడికి వెళ్తుంది. కొత్త ఫోన్ ఫోటోల్ని ఏళ్ల వారీగా సర్దగలిగేది దీని పుణ్యమే.

ఇందులో ఒక లోపం చాలాకాలం ఉండిపోయింది. ఎగ్జిఫ్‌లో టైమ్ రాస్తారు గానీ అది ఏ దేశపు టైమో రాసే చోటు 2016 వరకూ లేదు. డాలస్‌లో ఉదయం 9 గంటలకి మనవడికి తీసిన ఫోటో, హైదరాబాద్‌లో అదే ఉదయం 9 గంటలకి తాతకి తీసిన ఫోటో, రెండూ ఒకే క్షణంలో తీసినట్టు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. వీడియోల సంగతి ఇంకా చిత్రం. ఎంపీ4 వీడియోలో టైమ్ స్థానిక గడియారం ప్రకారం కాదు, ప్రపంచ ప్రామాణిక సమయంలో, 1904 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కగా రాయాలని నియమం. మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు. ఉదయం 7 గంటల ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే ఫోటోకి 7 అని ఉంటుంది, అదే నిమిషంలో తీసిన వీడియోలో 1:30 అని ఉంటుంది. మంచి యాప్ ఆ తేడా లెక్కేసి రెండిటినీ కలుపుతుంది. పట్టించుకోని యాప్ అయితే పెళ్లికూతురు గౌరీపూజకి కూర్చోకముందే తలమీద జీలకర్ర బెల్లం పెట్టేసినట్టు వరస పెడుతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకి ఈ వెనక రాత మిగలదు. సైజు తగ్గించి, కొత్తగా ఒక ఫైలు తయారుచేసి పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే అందిన తేదీ మాత్రం ఫైలు పేరులో ఉంటుంది. అందుకే 1980ల నాటి పెళ్లి ఫోటోని ఎవరో ఫ్యామిలీ గ్రూపులో పెడితే గ్యాలరీలో అది నిన్నటి ఫోటోల పక్కన కనిపిస్తుంది. ఆ ఫోటోనే డాక్యుమెంట్‌గా పంపమంటే ఒరిజినల్ ఉన్నదున్నట్టు వస్తుంది. పాత ఫోటోలు అడిగేటప్పుడు నేనిప్పుడు చుట్టాలందరికీ ముందు ఇదే చెబుతున్నాను.

ఆల్బమ్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్లకి మరో చిక్కు. ఇది నేను కళ్లారా చూశాను కాబట్టి వివరంగా చెప్తాను. పిన్ని పాత ఫోన్‌లో 'చెన్నై పెళ్లి' అనే ఫోల్డర్ ఉంది. నా ల్యాప్‌టాప్‌లో పాత బ్యాకప్ నుంచి వచ్చిన 'చెన్నై పెళ్లి' ఇంకొకటి ఉంది. రెండూ పక్కపక్కన, అక్షరం తేడా లేకుండా. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా కుదురుతాయి? కిటుకంతా 'నై'లో ఉంది. ఐత్వాన్ని చూడండి, పైన ఎత్వంలాంటి గుర్తు, కింద తోకలాంటి గుర్తు. కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక అంకె ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు. అందులో దీన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఆ రెండు ముక్కల్ని విడివిడిగా ఒకదాని తర్వాత ఒకటి పెట్టీ రాయొచ్చు. కంటికి రెండూ 'చెన్నై'యే. కంప్యూటర్ లోపల మాత్రం వేర్వేరు అంకెల వరసలు. యాపిల్ పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లలో ఇలాంటి అక్షరాల్ని విడగొట్టి దాచేవి. విండోస్ పేర్లని ఆ అంకెలుగానే పోల్చి చూస్తుంది కాబట్టి వాటిని రెండు ఫోల్డర్లుగా చూపించింది. తెలుగు గుణింతం మొత్తంలో ఇలా రెండు రకాలుగా రాసే వీలున్నది ఐత్వం ఒక్కటే. 'ఫోన్‌లో' లాంటి మాటల్లో పొల్లు పక్క అక్షరంతో కలవకుండా కొన్ని కీబోర్డులు పెట్టే, కంటికి కనపడని గుర్తు కూడా ఇలాంటి జంటల్ని తయారుచేస్తుంది. ఇలాంటివి కనిపిస్తే ఒకటి అనవసరం అనుకుని చెరిపేయకండి. ముందు రెండూ తెరిచి చూడండి. పిన్ని విషయంలో ఒకదాంట్లో పెళ్లి, రెండోదాంట్లో రిసెప్షన్ ఉన్నాయి.

ఇక ఫోటో ఫైలు రకం. దశాబ్దాలుగా మనం వాడేది జేపెగ్, 1992 నాటి ప్రమాణం. అది బొమ్మని ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా తెలియని వివరాన్ని తీసేస్తుంది. 2017లో ఐఫోన్‌లు హెచ్ఈఐసీ అనే కొత్త రకానికి మారాయి. ఇది వీడియోల్ని కుదించే పద్ధతిని ఫోటోకి వాడుతుంది. గళ్లు అన్నీ ఒకే సైజులో ఉండవు. వెనకున్న తెల్లగోడ మీద పెద్ద పెద్ద గళ్లు, పట్టుచీర అంచు మీద చిన్న చిన్న గళ్లు వేసుకుంటుంది. అందుకే దాదాపు సగం జాగాలోనే అదే నాణ్యత వస్తుంది. ఆండ్రాయిడ్ 2018 నాటి తొమ్మిదో వెర్షన్ నుంచి వీటిని తెరుస్తుంది. పాత ఫోన్లలో తెరుచుకోకపోతే టెన్షన్ పడొద్దు, ఫోటో పాడవలేదు, చదవడం రాలేదంతే. జేపెగ్‌గా మార్చుకోవచ్చు. కాకపోతే మార్చిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి ఒరిజినల్‌ని కూడా దాచుకోండి.

కదిలే ఫోటోలు, అంటే ఐఫోన్ లైవ్ ఫోటోలు, నిజానికి రెండు ఫైళ్లు. ఒకటి ఫోటో, రెండోది దానికి ముందూ వెనకా ఒకటిన్నర సెకన్ల వీడియో. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వీడియోని ఫోటో ఫైలు చివరే అతికించే పద్ధతి ఎక్కువ. అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు ఈ జంట తరచుగా విడిపోతుంది.

మరి ఆల్బమ్‌తో సహా తేవాలంటే? జాబితాని చదవగలిగిన దారిలో వెళ్లాలి. కేబుల్ ఆ దారి కాదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి 2015 నుంచి యాపిల్ వాళ్ల 'మూవ్ టు ఐఓఎస్' ఉంది. కొత్త ఐఫోన్ తనే ఒక వైఫై పెట్టి పాత ఫోన్‌ని కలుపుకుని, ఆల్బమ్‌లు కూడా తెచ్చుకుంటుంది. దీన్ని కొత్త ఫోన్ మొదటిసారి సెట్ చేసేటప్పుడే మొదలుపెట్టడం మంచిది. యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్ నుంచి గూగుల్ ఫోటోస్‌కి నేరుగా పంపమని యాపిల్‌ని అడిగే సదుపాయం 2021లో వచ్చింది. 3 నుంచి 7 రోజులు పడుతుంది. ఫోటోలు ఆల్బమ్‌లతో వెళ్తాయి, వీడియోలు విడిగా వెళ్తాయి. ఎదురు దిశలో, గూగుల్ నుంచి ఐక్లౌడ్‌కి, 2024లో మొదలైంది. ఉచితంగా ఇచ్చే జాగా గూగుల్‌లో 15 జీబీ, ఐక్లౌడ్‌లో 5 జీబీ అని గుర్తు పెట్టుకుని బయల్దేరండి. ఏ దారిలో వెళ్లినా కొత్త ఫోన్‌లో ప్రతి ఆల్బమ్‌కీ లెక్క సరిపోయేదాకా పాత ఫోన్ రీసెట్ చేయొద్దు. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదే, పిన్ని పాత ఫోన్ చెరపకుండా ఉంచాను.

ఐదో రోజు ఇద్దరం మంచం మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. పాతదాంట్లో 'నాన్నగారు' తెరిచి, ఒక్కో ఫోటో తేదీ చూసి, కొత్తదాంట్లో వెతికి పట్టుకున్నాం. ఈసారి ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ ఫోటోల ఒరిజినల్స్‌లో, ఫైలు లోపలే, 'నాన్నగారు' అన్న మాట రాసి దాచాను. నోట్‌బుక్ పోయినా పిల్లల చొక్కా మీద పేరుంటుంది.

42 దొరికాయి. చివరిది ఒక పట్టాన దొరకలేదు. తాతయ్య, అమ్మమ్మ నిలబడి ఉన్న నలుపు తెలుపు ఫోటో, ఎవరో చుట్టం వాట్సాప్‌లో పంపింది. కొత్త ఫోన్‌లో అది 2019 సంక్రాంతి ముగ్గుల మధ్య ఉంది. దానికి అసలు తేదీ పెడదామని "ఎప్పటిది పిన్నీ?" అని అడిగాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"అరవై ఎనిమిది. ఎండాకాలం. అమ్మ పొట్ట చూడు, లోపల ఉన్నది నేనే."

చాలా కంప్యూటర్లకి కాలం 1970 జనవరి 1న సున్నాతో మొదలవుతుంది. అంతకు ముందువన్నీ వాటికి మైనస్ అంకెలు, కొన్ని యాప్‌లు అక్కడే తడబడతాయి. ఎగ్జిఫ్‌లో తేదీని మామూలు రాతగా రాస్తారు కాబట్టి 1968 ఇబ్బంది లేకుండా పట్టింది. మే 1968 అని రాసి మళ్లీ ఎక్కించాను. ముగ్గుల మధ్య నుంచి ఆ ఫోటో కదిలి, 11 వేల ఫోటోలనీ దాటుకుంటూ వెళ్లి అన్నిటికన్నా ముందు నిలబడింది. పిన్ని వేలితో దాన్ని పెద్దది చేసి, పొట్ట దగ్గర ఆపింది.