వట్టివేరు: తవ్వితే డబ్బు, తవ్వకపోతే గట్టు

వేరుకు సువాసన ఉండే గడ్డి వట్టివేరు. అది నాటాలనుకునే రైతుకు ఇప్పుడు రెండు రకాల సలహాలు వస్తున్నాయి. ఏడాది, ఏడాదిన్నరకు దుబ్బులు పెళ్లగించి వేళ్లు అమ్ముకోమని సుగంధ నూనెల వాళ్లు అంటారు. వాలుకు అడ్డంగా నాటి, ఇక ఆ వేళ్ల జోలికి పోవద్దని నేల సంరక్షణ వాళ్లు అంటారు. మొక్క ఒక్కటే అయినా, ఒకే వరుస దగ్గర ఈ రెండు మాటలూ చెల్లవు. ఈ పేచీ నిన్న మొన్నటిది కాదు.

మన దగ్గర పాత వాడకమంతా ఎక్కువగా వేరు చుట్టూనే తిరిగింది. ఆయుర్వేదంలో ఉశీరం అంటే ఇదే. ఎండాకాలం మంచినీళ్ల కుండలో గుప్పెడు వేళ్లు వేయడం, తడికలు అల్లి గుమ్మానికి కట్టి నీళ్లు చల్లడం పెద్దవాళ్లకు బాగా తెలుసు. తిరుచానూరు ఉత్సవాల్లో స్నపన తిరుమంజనం వేళ అమ్మవారికి వట్టివేరు మాలలు, కిరీటాలు కూడా అలంకరిస్తుంటారు. ఈ వేళ్లతో గది కట్టి తడిపితే మండువేసవిలోనే చలికాలం వచ్చేస్తుందని అబుల్ ఫజల్ 'అయినీ అక్బరీ'లో రాశాడు. ఆ ఉపాయం అక్బరుదేనన్నాడు కూడా. దర్బారు రచయిత కదా, ఇంకెవరి ఖాతాలో వేస్తాడు! తర్వాత ఇంగ్లీషు దొరలు బంగళాలకు అవే తడికలు కట్టించుకుని, వాటిని తడుపుతూ ఉండటానికి మనుషుల్ని పెట్టుకున్నారు.

నూనె సంగతి ఇంకో దారి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ వేళ్లను రాగి పాత్రల్లో నీళ్లతో మరిగించి రూహ్ ఖస్ అనే సుగంధ నూనె తీస్తారు. రాగి తగలడం వల్లే దానికి ఆ ఆకుపచ్చ రంగు. నూనె దిగుబడి చాలా తక్కువ, మామూలుగా వంద కిలోల ఎండు వేళ్లకు కిలో అటూ ఇటూ. బట్టీ గంటల తరబడి మండాలి. అయినా గిరాకీ తగ్గదు. అందులో వందకు పైగా పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి, అచ్చం అలాంటి వాసన ఫ్యాక్టరీలో చవకగా తయారు చేయడం కుదరలేదు. 1950ల చివర్లో ఫ్రాన్స్‌లో గెర్లాన్ వంటి కంపెనీలు వెటివర్ (వట్టివేరే) పేరుతోనే సెంట్లు తెచ్చాక ఈ నూనెకు పేరు ఇంకా పెరిగింది. జావా, రీయూనియన్ దీవుల్లో, హైతీలో సాగు పెరిగింది ఈ నూనె కోసమే.

గట్టు కథ కూడా చెరకు పండే ఒక దీవిలోనే ఊపందుకుంది. 1950లలో ఫిజీలో జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే నిపుణుడు చెరకు తోటల వాలు మీద వట్టివేరు వరుసలు నాటించి మట్టి కోతను ఆపాడు. 1980ల మధ్యలో ఆయన, రిచర్డ్ గ్రిమ్‌షా ప్రపంచ బ్యాంకు తరఫున ఢిల్లీలో పనిచేశారు. అప్పట్లో వాటర్‌షెడ్ పనులంటే, అంటే వాలు నేలలో మట్టినీ వాననీటినీ కాపాడటమంటే, మట్టి కట్టలు పోయడమే. గట్టి వాన పడితే కట్ట ఎక్కడో తెగేది, పోగైన నీళ్లన్నీ ఆ గండిలోంచే దూకి ఇంకాస్త నేలను కోసుకుపోయేవి. దీనికి బదులు వట్టివేరు నాటమని వీళ్లిద్దరూ పట్టుబట్టారు. తీరా చూస్తే కర్ణాటకలోని గుండ్లుపేట వైపు రైతులు ఎప్పటి నుంచో పొలం హద్దుల్లో దాన్నే పెంచుతున్నారు! మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎర్రనేలల్లోనూ ఈ వరుసల్ని రాతి గట్లతో పోల్చి చూశారు. 1990ల మొదట్లో థాయ్‌లాండ్ రాజు భూమిబోల్ స్వయంగా పూనుకోవడంతో అక్కడ ఇది జాతీయ కార్యక్రమమే అయింది.

ఇది పనిచేసే తీరు దగ్గర కూర్చుని చూడాల్సిందే. పిలకల్ని జానెడు కంటే దగ్గరగా, వాలుకు అడ్డంగా ఒకే వరుసలో నాటుతారు. కాడలు గట్టిగా, నిటారుగా ఉంటాయి. బురదనీరు వచ్చి తగిలి వేగం తగ్గుతుంది, మట్టి ఇవతలే దిగిపోతుంది, నీళ్లు మాత్రం మెల్లగా వడిసి అవతలికి పోతాయి. పేరుకున్న మట్టిలో కాడ కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుడతాయి, మట్టితో పాటే దుబ్బూ పైకి లేస్తుంది. కొన్నేళ్లకు గట్టు దానంతటదే తయారవుతుంది. వేళ్లు పక్కలకు పాకకుండా నిలువునా మూడు మీటర్ల దాకా దిగుతాయి కాబట్టి పక్క పైరుకు పెద్దగా పోటీ రావు. దక్షిణాది రకం గింజ కట్టదు, అందుకే కలుపై పొలమంతా వ్యాపించే టెన్షన్ లేదు. ఎండకీ, ముంపుకీ, చవిటికీ ఓర్చుకుంటుంది. దీనికో ఇబ్బంది కూడా ఉంది. దక్షిణాసియా బయట నాటిన గింజలేని వట్టివేరులో చాలా భాగం ఒకే మొక్క పిలకల సంతతి అని 1998లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. దానికి ఏదైనా తెగులు పట్టుకుంటే అన్నిచోట్లా పట్టుకోవచ్చు.

తవ్వకం చేసే నష్టం చూడాలంటే హైతీ వెళ్లాలి. ప్రపంచ నూనెలో పెద్ద వాటా అక్కడిదే. కొండవాలు మీదే సాగు, అక్కడే తవ్వకం. వేరు ముదరాలంటే ఏడాదికి పైగా ఆగాలి, కానీ చేతిలో డబ్బుల్లేని రైతు ముందే తవ్వేస్తాడు. వదులైన నేల మీద వాన పడితే మట్టంతా సముద్రంలోకే. నేలను పట్టుకోవడంలో దీన్ని మించిన గడ్డి లేదంటారు, అదే గడ్డి కోసం అక్కడ కొండలు కరిగిపోతున్నాయి.

మన దేశంలో సుగంధ పంటల కోసం కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ నడిపే అరోమా మిషన్, లక్నోలోని దాని పరిశోధన సంస్థ సీమ్యాప్ కొత్త రకాలు ఇచ్చి సాగును పెంచుతున్నాయి. నా లెక్కలో తవ్వకానికి తగినవి చదునైన ఇసుక నేలలే. వేరు తెగకుండా సులువుగా వస్తుంది, కొట్టుకుపోయే వాలూ ఉండదు. వాలు పొలంలో మాత్రం నాటినప్పుడే ఏ వరుస గట్టుకో, ఏది అమ్మకానికో తేల్చుకోవాలి. గట్టు వరుసలో ఆకు కోసుకోవచ్చు, లేత ఆకు పశువులకు, ముదురుది ఇంటి కప్పులకీ, మొక్కల మొదట్లో నేల మీద పరవడానికీ పనికొస్తుంది. ఆ ఆకుకు వేరుకొచ్చే ధర మాత్రం రాదు. గట్టు వరుసను తవ్వకుండా ఉంచినందుకు రైతుకు డబ్బిచ్చే కొనుగోలుదారు ఎవరూ లేరు, ధర పెరిగిన ఏడు మొదట గడ్డపార పడేది దాని మీదే.