స్లైడ్ మీద క్యాన్సర్, ఒంటి మీద మానిపోయే పొక్కు

నాట్లప్పుడు దేవరకొండ వైపు ఊళ్లలో చేతుల మీద, తొడల మీద ఎర్ర పొక్కులు లేస్తే పురుగు కుట్టిందనుకుని ఏదో ట్యూబు రాసుకుంటారు. ఎక్కువసార్లు అది పురుగే. కానీ అరుదుగా కొందరిలో ఆ పొక్కు నడుమ నల్లబడి, చెక్కు కట్టి, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. మచ్చ మిగులుతుంది, ఇంకోచోట కొత్తది లేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఈ జబ్బు లింఫోమటాయిడ్ పాపులోసిస్. 1968లో అమెరికన్ చర్మవైద్యుడు వారెన్ మెకాలే దీన్ని వర్ణించాడు. ఒంటి మీద చూస్తే సాధువు, మైక్రోస్కోపు కింద క్యాన్సర్!

మైక్రోస్కోపు కింద కనిపించే తీరును బట్టి దీన్ని రకాలుగా విడదీస్తారు. ఎక్కువమందిలో కనిపించేది ఎ రకం. గులాబీ, ఊదా రంగులద్దిన స్లైడ్ మీద వాపు కణాల గుంపు, వాటి మధ్య అక్కడక్కడా పెద్ద పెద్ద లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. కొన్నింటికి రెండేసి కేంద్రకాలు, అచ్చం హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫోసైట్ల క్యాన్సర్‌లో చూసినట్టే. కణాల మీదుండే సీడీ30 అనే ప్రొటీన్ కోసం పరీక్ష చేస్తే అవి గోధుమ రంగు తేలుతాయి. సి రకంలో ఆ పెద్ద కణాలే పొలం నిండా కలుపులా పరుచుకుంటాయి.

అసలు భయపెట్టేవి ఆ తర్వాత గుర్తించిన రకాలు. 2010లో వర్ణించిన డి రకంలో సీడీ8 అనే ప్రొటీన్ ఉన్న లింఫోసైట్లు చర్మం పైపొరలోకి చొరబడతాయి. 2013 నాటి ఇ రకంలో రక్తనాళాల గోడల్లోకే దూరి వాటిని మూసేస్తాయి, పైన నల్లటి చెక్కుతో పెద్ద పుండు పడుతుంది. ఈ రెండూ ప్రాణం తీసే లింఫోమాల్లాగే కనిపిస్తాయి. స్లైడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్తే, అక్కరలేని కీమోథెరపీ మొదలవుతుంది. కీమో ఇచ్చినా పొక్కులు మళ్లీ వస్తాయి.

మహబూబ్‌నగర్‌లో తీసిన ముక్క ఫార్మలిన్ సీసాలో హైదరాబాద్ ల్యాబుకు పోతే, అక్కడి పాథాలజిస్టుకు మనిషి కనబడడు, చీటీయే కనబడుతుంది. అందులో 'చర్మం ముక్క' అని ఒక్క మాట రాస్తే చాలదు. పొక్కులు వాటంతటవే మానుతున్నాయా, ఎన్నేళ్లుగా వస్తున్నాయి అన్నది రాయాలి. నా దృష్టిలో ఆ రెండు వాక్యాలు ఖరీదైన పరీక్షలకు తీసిపోవు.

చాలామందికి మందే అక్కర్లేదు. మరీ ఇబ్బందైతే వారానికోసారి తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్, లేదా అతినీలలోహిత కాంతి చికిత్స ఇస్తారు. ఈ జబ్బుతో ప్రాణాపాయం చాలా అరుదు. అయితే నూటికి పది ఇరవై మందిలో దీనికి ముందో వెనకో నిజమైన లింఫోమా ఉంటుంది, అందుకే ఏళ్లు గడిచినా చెకప్ మానకూడదు. పొక్కు లేచినప్పుడు, మానాక ఫోనులో ఫొటో తీసి తేదీతో దాచుకుని, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత బయాప్సీ రిపోర్టుతో పాటు చూపించండి.