బోటు తీగకూ ఒక మత్తడి కావాలి

నర్సంపేట దగ్గర మా ఊరి చెరువులో చేపలు పట్టే మా బావ, పోయినేడు తన ఫైబర్ బోటుకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించుకున్నాడు. ఓ పొద్దున గుర్రపుడెక్క వేర్లు ఫ్యానుకు చుట్టుకున్నాయి. మోటారు మూలుగుతోంది, కదలట్లేదు. బావ మాత్రం స్పీడు పెంచుతూనే ఉన్నాడు. కాసేపటికి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఒడ్డుకు చేరాక చూస్తే బ్యాటరీ దగ్గర తీగ తొడుగు మెత్తబడి, వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. మధ్యలో కరెంటు మితిమీరితే దానంతటదే తెంపేసే ఫ్యూజు లేదు, బ్రేకర్ లేదు.

"పన్నెండు వోల్టులే కదా బామ్మర్దీ, షాక్ కొట్టదు" అన్నాడు. నిజమే, షాక్ కొట్టదు. కానీ నిప్పు పుడుతుంది.

ఆ నిప్పు ఆంపియర్ల వల్ల, అంటే తీగలో పారే కరెంటు ఎక్కువవడం వల్ల వస్తుంది. మన ఇంటి సీలింగ్ ఫ్యాన్ అర ఆంపియర్ కూడా తీసుకోదు. 55 పౌండ్ల బలంతో బోటును నెట్టే 12 వోల్టుల బోటు మోటారు ఫుల్ స్పీడులో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. తిరుగుతున్న మోటారు తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును అదుపులో ఉంచుకుంటుంది. ఫ్యాను ఆగిందా, ఆ ఎదురు పోయి కరెంటు ఎగబాకుతుంది. ఇక రెండు తీగలు ఒరుసుకుని తగులుకుంటే, 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ ఒక్కసారిగా వెయ్యి ఆంపియర్లకు పైగా వదలగలదు.

1213లో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువుకైనా, మా ఊరి కుంటకైనా మత్తడి ఉండాల్సిందే. లేకపోతే కట్ట తెగుతుంది. బోటులో కట్ట లాంటిది తీగ. మత్తడి ఎక్కువైన నీటిని వదిలేస్తుంది, బ్రేకర్ దారే మూసేస్తుంది. పద్ధతి వేరైనా కాపాడేది కట్టనే. చాలా బ్రేకర్లలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగడంతో పట్టీ వంగి, టప్‌మని కరెంటు తెగుతుంది.

అందుకే ముందు తీగ చూసుకోవాలి. బ్యాటరీ నుంచి మోటారుకు 4 మీటర్ల దూరమంటే రానూపోనూ 8 మీటర్ల తీగ. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, 50 ఆంపియర్ల దగ్గర దాదాపు 60 వాట్లు తీగలోనే వేడిగా పోతాయి. 16 వేస్తే అది 22 వాట్లకు దిగుతుంది. దానికి 60 ఆంపియర్ల బ్రేకర్ సరిపోతుంది. బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపే పెట్టాలి, ఎందుకంటే బ్రేకర్‌కు ముందున్న ముక్కకు కాపలా ఉండదు.

ఇంటి కరెంటు బోర్డులోని బ్రేకర్ (ఎంసీబీ) పీకి పెట్టొద్దు. ఇంటి కరెంటు ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారుతూ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి తెగేటప్పుడు లేచే మంట తేలిగ్గా ఆరుతుంది. బ్యాటరీది ఒకే దిశలో పారే డీసీ, దానికి ఆ సున్నా లేదు. డీసీ రేటింగ్ ఉన్నదే కొనాలి. అదీ చేత్తో ఎత్తితేనే ఆన్ అయ్యేది కావాలి. దానంతటదే ఆన్ అయ్యే రకమైతే, నాచు పీకుతున్న వేళ్ల మధ్య ఫ్యాను తిరుగుతుంది. ఇది తలచుకుంటేనే నాకు టెన్షన్.

బావ ఇవన్నీ మార్పించాడు. మొన్న ఫోన్ చేసి, "బ్రేకర్ ఊకూకె పడుతోంది, 100 ఆంపియర్లది వేస్తే?" అన్నాడు. పొలం దగ్గర స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు బదులు లావు రాగి తీగ చుట్టి, మోటార్లు కాల్చుకున్న వాళ్లను ఇద్దరమూ చూశాం. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, ఫ్యాను విప్పమన్నాను. షాఫ్టు చుట్టూ, తెగిన వల నైలాన్ దారం గట్టిగా బిగుసుకుని ఉంది.