రీడ్ ఓన్లీ గడి మీద పడుతున్న నిందలు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు బాగుచేసే నాలాంటివాళ్లకు నోటికి వచ్చేసిన ఫిర్యాదు ఇది: "ఫోల్డర్ రీడ్ ఓన్లీ అయిపోయిందండీ, తీసేస్తే మళ్లీ వస్తోంది. వైరసేనా?" రీడ్ ఓన్లీ అంటే చదవడమే తప్ప మార్చడానికి వీల్లేదని చెప్పే గుర్తు. కొందరైతే ఫార్మాట్ చేయించడానికి సిద్ధపడే వస్తారు. ఆ ఖర్చేమీ అక్కర్లేదు.

అపోహ: ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ గడి నిండి ఉంటే ఫోల్డర్‌కు తాళం పడినట్టే.

వాస్తవం: సరిగ్గా చూడండి, అది టిక్ కాదు, చిన్న చదరం. విండోస్‌లో దాదాపు ఏ ఫోల్డర్ తెరిచినా అదే కనిపిస్తుంది. ఈ గడి లోపలి ఫైళ్లకే వర్తిస్తుందని పక్కనే రాసి ఉంటుంది, చదివేవారే తక్కువ. చదరం తీసి అప్లై నొక్కితే ఫైళ్లకున్న రీడ్ ఓన్లీ గుర్తు పోతుంది. ఫోల్డర్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, మళ్లీ తెరిస్తే చదరమూ అక్కడే ఉంటుంది.

ఫోల్డర్‌కు ఉండే రీడ్ ఓన్లీ గుర్తును విండోస్ వేరే పనికి వాడుకుంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలో, మనం ఐకాన్ మార్చుకున్న వాటిలో ఐకాన్ వంటి వివరాలు దాచుకునే డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే దాచిన ఫైలు ఉంటుంది. రీడ్ ఓన్లీ గానీ సిస్టమ్ గానీ గుర్తు ఉన్న ఫోల్డర్‌లోనే ఎక్స్‌ప్లోరర్ (మనకు ఫోల్డర్లు చూపించే ప్రోగ్రామ్) ఆ ఫైలు కోసం చూస్తుంది. ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టుకోవచ్చు, పాతది తీసేయవచ్చు, ఆ గుర్తు అడ్డురాదు.

మరి "యాక్సెస్ డినైడ్" అని ఎందుకు వస్తుంది? చాలాసార్లు పర్మిషన్ల వల్ల. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ తెచ్చి కొత్తదానికి తగిలిస్తే, ఆ ఫైళ్ల యజమాని ఇంకా పాత విండోస్ ఖాతాయే. ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌ను మార్చాలి. విండోస్ 10లో 2017లో వచ్చిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (నమ్మకం లేని ప్రోగ్రాములను ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయనివ్వని రక్షణ) ఆన్‌లో ఉన్నా కొన్ని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్‌లో సేవ్ చేయలేవు. కెమెరా కార్డయితే ముందు దాని పక్కనున్న బుల్లి లాక్ చూడండి.

అపోహ: రీడ్ ఓన్లీ పెట్టిన ఫైలును ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: గడిలో టిక్ తీయగలిగిన ప్రతివారూ చేయగలరు, ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ సైతం. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో డిలీట్ కమాండ్ మొదట ఒప్పుకోదు గానీ, ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫైలును మామూలుగానే తీసేయవచ్చు. జీతాల పట్టికను దీని భరోసాతో వదిలేసే ఆఫీసులను చూస్తే నాకు భయమేస్తుంది.

అలాగని పనికిరానిదేమీ కాదు, పొరపాటును ఆపుతుంది. చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డుల మూల నమూనాలన్నిటికీ అక్కడ రీడ్ ఓన్లీ పెట్టి ఉంచుతారు. కుర్రాడు వధూవరుల పేర్లు మార్చి హడావిడిగా సేవ్ నొక్కితే, వేరే పేరు ఇవ్వమని ప్రోగ్రామే అడుగుతుంది. నమూనా చెక్కుచెదరదు. ఈ గుర్తుకు ఇంతకన్నా మంచి వాడకం నేను చూడలేదు.

అపోహ: వర్డ్ పైన "రీడ్ ఓన్లీ" అని చూపిస్తే ప్రాపర్టీస్‌లో టిక్ తీస్తే సరి.

వాస్తవం: షేర్ చేసిన ఫోల్డర్‌లోని ఫైలైతే, పక్క సీటులో ఎవరో దాన్ని తెరిచి ఉంచారేమో ముందు అడగండి. ఎవరూ తెరవకపోయినా అలాగే చూపిస్తుంటే, కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన దాచిన ఫైలు కారణం కావచ్చు. దాని పేరు ~$ గుర్తులతో మొదలవుతుంది, అసలు ఫైలు పక్కనే ఉంటుంది. వర్డ్‌ను అన్ని కంప్యూటర్లలో మూసేసి దాన్ని తీసేస్తే చాలు.