175 ఉత్తరాలు, ఒక డైరీ: ‘క్రూయెల్ ఇంటెన్షన్స్’ వెనక కథ

1999 మార్చిలో అమెరికాలో విడుదలైన ‘క్రూయెల్ ఇంటెన్షన్స్’ సినిమా పైకి టీనేజ్ ప్రేమకథే. మన్‌హాటన్‌లో డబ్బున్న పిల్లల స్కూలు, అందులో ఒక పందెం. పెళ్లయ్యేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వనని పత్రికలో రాసుకున్న అనెట్‌ని లొంగదీస్తానంటాడు సెబాస్టియన్. ఓడితే తన 1956 నాటి జాగ్వార్ కారు సవతి తల్లి కూతురు క్యాథరిన్‌కి ఇచ్చేయాలి.

ఈ పందెం వెనకున్న కథ అప్పటికే 217 ఏళ్ల పాతది. ఫ్రాన్స్‌లో ఫిరంగి దళ అధికారి షోదెర్లో ద లాక్లో 1782లో ‘లే లియెజోఁ దాంజెరూజ్’ (ప్రమాదకర సంబంధాలు) అనే నవల అచ్చు వేయించాడు. కథంతా 175 ఉత్తరాల్లోనే నడుస్తుంది. జనం ఎగబడి కొన్నారు, పెద్దమనుషులు తిట్టిపోశారు. 1820లలో పారిస్ కోర్టు ఆ పుస్తకాన్ని నాశనం చేయమని తీర్పు కూడా ఇచ్చింది.

ఫ్రెంచ్ దర్శకుడు రోజే వదిమ్ 1959లో దాన్ని తన కాలానికి తెచ్చి సినిమా తీస్తే, పేరు మీద రచయితల సంఘం కోర్టుకెక్కింది. చివరికి పేరు పక్కన ‘1960’ తగిలించాల్సి వచ్చింది. 1985లో క్రిస్టఫర్ హాంప్టన్ నాటకం, దాని మీద 1988లో స్టీఫెన్ ఫ్రియర్స్ సినిమా, 3 ఆస్కార్లు. మరుసటి ఏడాదే అదే కథతో మిలోష్ ఫోర్మన్ సినిమా ‘వాల్మోఁ’. పట్టు గౌన్లు, విగ్గులతో ఇంక చెప్పడానికి పెద్దగా ఏం మిగల్లేదు.

ఈలోగా హాలీవుడ్‌కి కొత్త దారి దొరికింది. 1995లో ‘క్లూలెస్’, జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ను బెవర్లీ హిల్స్ స్కూల్లో కూర్చోబెట్టి హిట్టయింది. పాత నవలలకు కాపీరైట్ టెన్షన్ లేదు, టీనేజర్లు థియేటర్లకు వస్తున్నారు. ‘క్రూయెల్ ఇంటెన్షన్స్’ దర్శకుడు రోజర్ కంబుల్ తన మొదటి సినిమాకి లాక్లో నవలని ఎంచుకున్నాడు.

స్కూలు పిల్లలతో ఇలాంటి కథేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు నవల చదవలేదనుకోవాలి. అందులో వలలో పడే సెసీల్‌కి 15 ఏళ్లే, కాన్వెంట్ నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల. (తెర మీద ఆ పాత్ర వేసిన సెల్మా బ్లెయిర్‌కి పాతికేళ్లు దాటాయి.) నిజంగా మారింది వేటగాళ్ల వయసు. నవలలో సెబాస్టియన్ స్థానంలో ఉన్న వాల్మోఁ, క్యాథరిన్ స్థానంలో ఉన్న మెర్తేయ్ లోకం చూసిన పెద్దవాళ్లు. వాళ్లనూ పిల్లల్ని చేసేసరికి భయం తగ్గి జాలి పెరిగింది. నా లెక్కలో సినిమా పోగొట్టుకున్నది ఇదే.

ఉత్తరాల చోట డైరీని తేవడం మాత్రం తెలివైన పని. నవలలో ఉత్తరాలు చేతులు మారి మెర్తేయ్ పరువు తీస్తే, సినిమాలో సెబాస్టియన్ డైరీ జిరాక్స్ కాపీలు స్కూలంతా పంచుతారు. 81వ ఉత్తరంలో మెర్తేయ్ ఏకరువు పెట్టేది ఆడదానికో న్యాయం, మగవాడికో న్యాయం అన్న కోపాన్నే. క్యాథరిన్ కూడా అదే అంటుంది. రెండుసార్లూ నలుగురిలో తలవంచుకున్నది ఆడదే, మగవాడికి చావుతో సానుభూతి దక్కింది. మెర్తేయ్ కనీసం వజ్రాలు, వెండి మూటగట్టుకుని హాలండ్ పారిపోతుంది. క్యాథరిన్‌కి ఆ దారీ లేదు. పందెంలో పెట్టిన జాగ్వార్‌ని అనెట్ నడుపుకుంటూ వెళ్లిపోతుంది.